వెయ్యి నూట పదహారు మూటలు

గాదె దినచర్య. రాస్తున్నది నాంచారమ్మ, గాదె కాపరి, ఎర్రదిన్నె, అంగారకుడు.

మూఢానికి పందొమ్మిది రోజులు

గాదె తాళం నా చేతికి వచ్చింది. తాళం అంటే మాట వరసకే, అది పన్నెండు అంకెల సంఖ్య. గాదె అన్నదీ మాట వరసకే. గోడకి ఆనించిన ఇనప బీరువా, లోపల సన్నటి రొద, అంతే. అయినా మా అధ్యక్షులు పానకాలరావు గారు నన్ను కబురు పెట్టి పిలిపించి, ఆ అంకెల చీటీని తాంబూలంలో పెట్టి ఇచ్చారు. ఇక్కడ తమలపాకులు పెరగవు కాబట్టి పాలకూర ఆకులతో సరిపెట్టారు.

పని ఇదీ. ఇక్కడ ఏ యంత్రానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా కింద భూమిని అడుగుతాం. వాళ్ళు మూట కట్టి పంపుతారు. రెండేళ్ళకోసారి భూమి సూర్యుడి చాటుకి పోతుంది, ఇక ఇరవై రోజులు ఉలుకూ పలుకూ ఉండదు. కింద గురు మూఢం, శుక్ర మూఢం ఉన్నట్టు మాకిది భూమి మూఢం. పోయిన మూఢంలో వంటశాల యంత్రం మొరాయిస్తే ఆరువందల మందిమీ ఇరవై రోజులు పచ్చి బఠాణీలు నమిలాం. అందుకని ఈసారి కావలసిన మూటలన్నీ ముందే కాపీ చేసి గాదెలో దాచుకోవాలని తీర్మానం చేశారు.

మా వదిన రాఘవమ్మకి ఈ గాదెతో అందరికన్నా ఎక్కువ అవసరం. ఆవిడ మా ఆయనకి అక్క. ఆయన పోయిన ఈ పన్నెండేళ్ళూ మేమిద్దరం ఒకే గదిలో ఒకరి తల ఒకరు తింటూ బతుకుతున్నాం. ఆవిడ ఇరవై ఏళ్ళు సొరంగాలు తవ్వి ఎర్రదుమ్ము మింగింది. ఇప్పుడు ఛాతీకి కట్టిన ఊపిరిపెట్టె ఆవిడ బదులు గాలి పీలుస్తోంది. ఆ పెట్టెలో ఉన్న పాత సాఫ్ట్‌వేర్ గడువు మూఢం తొమ్మిదో రోజు సాయంత్రం ఆరింటికి తీరిపోతుంది. ఆలోగా కొత్తది ఎక్కాలి. ముందే ఎక్కిద్దామంటే, గడువు ఎనిమిది రోజుల్లోకి వస్తే గానీ పెట్టె ఒప్పుకోదట. ఎక్కకపోతే పెట్టె ఆగుతుంది, మనిషి మార్చి మనిషి గాలి కొట్టే చేతి తిత్తి వత్తాలి. అలా మూడు రోజులకి మించి గుండె తట్టుకోదని డాక్టరు నిరుడే చెప్పాడు.

"గడువు ఎవడు పెట్టాడే?" అంది వదిన.

"పెట్టె చేసినవాడు."

"పెట్టెకా, నాకా?"

"పెట్టెకే."

"అయితే వాడికన్నా దేవుడు నయం, ముందే చెప్పి భయపెట్టడు," అని గోంగూర తొట్టికి నీళ్ళు పొయ్యడానికి వెళ్ళిపోయింది.

మూఢానికి పదకొండు రోజులు

నాలుగువందల మూటలు దిగాయి. ఒక్కో మూట రావాలి, ముద్ర సరిచూడాలి, జాబితాలో ఎక్కించాలి, బీరువా మీద దుమ్ము తుడవాలి. దుమ్ము తుడవడం నా ఉద్యోగంలో లేదు గానీ ఎవరూ తుడవరు. మా నాన్న అవనిగడ్డలో ఎరువుల గోడౌను చూసేవాడు. బస్తా దించుకునేటప్పుడు చూసుకోవాలి గానీ దించుకున్నాక చూసేదేముంది అనేవాడు. నేనూ అలాగే చూసుకుంటున్నాను, కాకపోతే బస్తాల మీద పేర్లు అర్థమయ్యేవి.

ఈ గాదె యంత్రం మహా అనుమానపు మనిషి. ప్రతిదానికీ అడుగుతుంది. ఈ మూట దింపమంటారా? అవును. ఉన్నచోటే పెట్టమంటారా? అవును. నిజంగానా? రోజుకి నూట యాభైసార్లు అవును నొక్కుతున్నాను. మొదటి రోజు చదివి నొక్కాను. ఇప్పుడు చూడకుండానే నొక్కుతున్నాను, పని చకచకా సాగుతోంది.

మూఢానికి అయిదు రోజులు

అన్నీ దిగాయి. మొత్తం వెయ్యి నూట ముప్పై. ఒక్కటి చెడలేదు. అధ్యక్షులకి చెప్పాను, శభాష్ అంటారేమో అనుకున్నాను.

"ముప్పయ్యా?" అన్నారు పానకాలరావు గారు, తినే ముద్దలో రాయి తగిలినట్టు. "సున్నాతో ముగిసే లెక్కతో శుభకార్యం ఏంటండీ నాంచారమ్మ గారూ. మా తాతగారి కాలం నుంచీ మా చేత్తో సున్నా ఎరగం. వెయ్యి నూట పదహారు ఉండాలి."

"అవి మూటలండీ, చదివింపులు కాదు."

"ఎన్ని తీసెయ్యాలి?"

"పద్నాలుగు."

"పద్నాలుగే కదా. పనికిరానివి పద్నాలుగు ఉండవా ఏంటి?"

ఉండకేం, ఉన్నాయి. వాన వస్తే కిటికీలు మూసే మూట ఒకటి. ఇక్కడ వానా లేదు, కిటికీ తెరిచినవాడు మిగలడు. సముద్రపు ఆటుపోట్ల మూట, మంచులో కారు నడిపే మూట, ఎవరిదో దేశపు ఎన్నికల గుర్తుల మూట. అలా పదమూడు దొరికాయి. పద్నాలుగోది దొరక్క చీటీ ఇంటికి తెచ్చి భోజనాల దగ్గర పైకి చదివాను.

"ఇదేంటి, తెలుగు గొంతా?" అంది వదిన.

"యంత్రాలు తెలుగులో మాట్లాడ్డానికట."

"అది తీసెయ్. ఈ ఇంట్లో నీ గొంతొక్కటి చాలు, నా చెవులకి ఓపిక లేదు."

అధ్యక్షులకీ నచ్చింది. మన తెలుగు మనకి కిందవాళ్ళు నేర్పేదేంటి అన్నారు. తీసేస్తుంటే యంత్రం ఏదో పెద్ద అక్షరాలతో అడిగింది. అవును నొక్కాను.

మూఢానికి ముందు రోజు

ఒకసారి గాదె తెరిచి నాలుగు మూటలు ఎక్కించి చూద్దామన్నాను. "ముహూర్తానికి ముందు తలుపు తియ్యకూడదు" అన్నారు అధ్యక్షులు. ముహూర్తం పెట్టింది సోమయాజులు గారు. ఆయన ఉద్యోగం రేడియో తిప్పడం. భూమి ఎప్పుడు కనపడుతుందో ఎప్పుడు దాక్కుంటుందో లెక్కగట్టేది ఆయనే కాబట్టి పంచాంగమూ ఆయన చేతికే వచ్చింది.

పొద్దున పది గంటల పదకొండు నిమిషాలకి రిబ్బను కత్తిరించారు. అధ్యక్షులు నలభై నిమిషాలు మాట్లాడారు, వెయ్యి నూట పదహారు అన్న మాట పదిహేడుసార్లు వచ్చింది. బీరువాకి పసుపు రాసి బొట్టు పెట్టారు. సాయంత్రం సోమయాజులు గారి రేడియోలో గరగర మొదలైంది. మూఢం పట్టింది.

మూఢం, రెండో రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు.

పొద్దున్నే వదిన పెట్టెకి కొత్తది ఎక్కిద్దామని కూర్చున్నాను. గాదె మూటని ఇచ్చింది, పెట్టె అందుకుంది, సగంలో ఆగి వెనక్కి కక్కేసింది. పేషెంటు భాషలో హెచ్చరించే గొంతు లేదు, అది లేకుండా నేను నిలబడను, అని రాసి చూపించింది. ప్రతి మూట వెనకా ఒక చీటీ ఉంటుందట, నేను నిలబడాలంటే ఫలానా మూట పక్కన ఉండాలి అని. వెయ్యి నూట ముప్పై చీటీల్లో నేను ఒక్కటీ చదవలేదు.

ఆ రోజు యంత్రం పెద్ద అక్షరాలతో ఏం అడిగిందో పాత పద్దుల్లో వెతికి చూశాను. "ఈ మూట తీసేస్తే ఒక ప్రాణాధార పరికరం పనిచెయ్యదు. తీసెయ్యమంటారా?" కింద నా జవాబు ఉంది. అవును.

భాష మార్చి ఇంగ్లీషు పెడదామంటే దానికి భూమి ముద్ర కావాలి. భూమి సూర్యుడి వెనక ఉంది. గడువుకి ఇంకా ఏడు రోజులు.

"ఏమైందే, మొహం అలా పెట్టావ్?" అంది వదిన.

"కిందవాళ్ళు ఒక మూట పంపడం మర్చిపోయారు," అన్నాను. నోటికి అదే వచ్చింది. వదిన నా వంక కాసేపు చూసి, "కిందవాళ్ళు ఎప్పుడూ అంతే," అంది. ఆ పద్నాలుగు పేర్ల చీటీ నేనే చదివి వినిపించాను కదా, మర్చిపోయినట్టుంది. బతికిపోయాను అనుకున్నాను, అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మూఢం, మూడో రోజు

అధ్యక్షులకీ సోమయాజులు గారికీ నిజం చెప్పాను. పానకాలరావు గారు ముందు తీర్మానాల పుస్తకం బయటికి తీశారు. తరవాత అత్యవసర సమావేశం పెట్టారు. "మూట పంపకుండా నిర్లక్ష్యం వహించిన భూమి అధికారుల మీద తీవ్ర అసంతృప్తి" అని తీర్మానం రాశారు. కింద సంతకం చెయ్యమని కలం నా చేతికిచ్చారు. చేశాను.

దారి చూపించింది సోమయాజులు గారు. "అమ్మా, మిగతావాటికి ముద్ర కావాలి గానీ గొంతు మూటకి అక్కర్లేదు. చీటీ చివర ఉంది చూడు. మనమే చేసుకోవచ్చు."

"మూఢంలో కొత్తది మొదలెట్టొచ్చా?" అన్నారు అధ్యక్షులు.

"ప్రాణం మీదికొస్తే మూఢం లేదండీ. పైగా పెట్టె పాతదే."

చీటీ ఈసారి అక్షరం అక్షరం చదివాను. నూట పదిహేను హెచ్చరికలు, ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిని తెలుగులో పలికి ఎక్కించాలి. అప్పుడు పెట్టె వాటిని వదినకి వినిపించి పరీక్ష పెడుతుంది. పెట్టె మీద మూడు బొత్తాలు ఉన్నాయి. గాలి పెంచడానికి ఒకటి, మనిషిని పిలవడానికి ఒకటి, విన్నానని చెప్పడానికి ఒకటి. మూడోదాన్ని మేం ఊ బొత్తం అంటాం. ఒక్కో వాక్యం విన్నాక అయిదు సెకన్లలోపు సరైన బొత్తం నొక్కాలి. ఒక్కటి తప్పినా మొత్తం పోయినట్టే. మూడు అవకాశాలు ఇస్తుంది. మూడూ పోతే ఇక గొంతు మూట తీసుకోదు.

మూఢం, ఆరో రోజు

మూడు రోజులు తర్జుమాకే పోయాయి. రాసింది అధ్యక్షులు, పలికిందీ ఆయనే. నా గొంతులో అధికారం ఉంది, పేషెంటు భయపడి వింటారు అన్నారు. వద్దని ఎలా చెప్పను, తీర్మానంలో తప్పు నా మీద పడకుండా చూసిన మనిషి.

వదినని మంచం మీద కూర్చోబెట్టాం. పెట్టె మొదలుపెట్టింది.

"శ్వాసనాళమునందు సంపీడనము హెచ్చుచున్నది. తక్షణమే వాయుప్రసారమును అభివృద్ధి పరచుకొనవలెను."

వదిన చేతులు జోడించి వింటోంది. అయిదు సెకన్లు అయిపోయాయి. పెట్టె ఎర్రదీపం వెలిగించింది.

"నొక్కవేం?" అన్నాను.

"ఏం నొక్కాలి? దండకం చదువుతున్నారనుకున్నా."

ఒక అవకాశం పోయింది.

మూఢం, ఏడో రోజు

ఈసారి సోమయాజులు గారు తేలిక మాటలతో రాసి, నెమ్మదిగా, తియ్యగా పలికారు. ముప్పై ఎనిమిది వాక్యాల దాకా వదిన ఒక్కటీ తప్పలేదు. నేను గోడ పట్టుకుని నిలబడి లెక్కపెడుతున్నాను. ముప్పై తొమ్మిదోది, "గొట్టం కొంచెం వదులైనట్టుందమ్మా, వీలు చూసుకుని ఎవరినైనా పిలుచుకో తల్లీ," అంది. వదిన ఊ బొత్తం నొక్కింది. పిలుపు బొత్తం నొక్కాలి. ఎర్రదీపం.

"వీలు చూసుకునే కదా పిలవమన్నారు," అంది వదిన. "ఆయన అంత మర్యాదగా చెబుతుంటే తొందరేముందనిపించింది."

సోమయాజులు గారు తల దించుకుని కూర్చున్నారు. ఆయన తప్పేం లేదు. ఆ మాటే చెప్పాను.

వదినకి రొప్పు పెరిగింది. రాత్రికి డాక్టరు చేతి తిత్తి తెచ్చి, ఎందుకైనా మంచిదని మంచం పక్కన పెట్టి వెళ్ళాడు. నాకు భయంగా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ పోరు పడలేకపోతున్నానని పదిమందికీ చెప్పుకున్నాను. ఆవిడ లేకపోతే ఆ గదిలోకి నేను వెళ్ళలేను.

మూఢం, ఎనిమిదో రోజు

ఇక నేనే. అధ్యక్షులు సరేనన్నారు. ఒక్కటి మాత్రం అడిగారు.

"మొత్తం ఎన్నండీ వాక్యాలు?"

"నూట పదిహేను."

"ఇంకొక్కటి కలపండి. ఇన్ని జరిగాక సెంటిమెంటు వదులుకోలేను."

మామూలుగా అయితే నాలుగు దులిపేదాన్ని. ఈసారి ఎదురు చెప్పలేదు.

గాదె గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. ఇంగ్లీషు కాగితం పక్కన పెట్టేశాను. రోజూ ఆవిడతో ఎలా మాట్లాడతానో అలాగే పలికాను. "వదినా, గాలి చాలట్లేదు, గాలి బొత్తం నొక్కు, తరవాత మాట్లాడుదువుగాని." "గొట్టం ఊడింది, పిలు, ఎవరినో ఒకర్ని పిలు, వీరత్వం చూపించకు." "మళ్ళీ మందు మర్చిపోయావా, ఊ అను ముందు." నూట పదిహేనూ రెండు గంటల్లో అయిపోయాయి.

నూట పదహారోది కూడా పలికాను. దానికి ఊ బొత్తం పెట్టాను. అదేమిటో ఇక్కడ రాయను. ఏ జబ్బుకీ సంబంధం లేని వాక్యం కాబట్టి పెట్టె దాన్ని ఎప్పుడూ పలకదు. చెప్పేశానన్న తృప్తి నాకు, వినక్కర్లేని సుఖం ఆవిడకి.

మూఢం, తొమ్మిదో రోజు

సాయంత్రం నాలుగున్నరకి మొదలుపెట్టాం. గదిలో నేను, డాక్టరు, అధ్యక్షులు, సోమయాజులు గారు. తలుపు దగ్గర సగం ఊరు.

పెట్టె నా గొంతుతో అరవడం మొదలెట్టింది. వదిన వేళ్ళు వాటంతటవే కదిలాయి. వాక్యం పూర్తి కాకముందే నొక్కుతోంది, మధ్యలో "అబ్బ, నొక్కుతున్నానే" అని దానికి జవాబు కూడా చెబుతోంది. ముప్పై తొమ్మిది దాటింది. డెబ్బై దాటింది. నూరు దాటాక సోమయాజులు గారు కళ్ళు మూసుకున్నారు. నూట పదిహేను. పచ్చదీపం కోసం చూశాను.

వెలగలేదు. మూటలో ఎన్ని ఉంటే అన్నీ పరీక్షిస్తుందని నాకు తట్టలేదు. చీటీలో ఉండే ఉంటుంది.

"వదినా," అంది పెట్టె, అందరూ వింటుండగా, నా గొంతుతోనే గానీ నేను ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా. "కిందవాళ్ళు పంపారు. తీసేసింది నేనే. చదవకుండా అవును నొక్కాను. నీకు అబద్ధం చెప్పాను. నువ్వు పోతే నాకెవరూ లేరు."

అధ్యక్షులు పైకప్పు వంక చూశారు. తీర్మానం నకలు ఆయన జేబులోంచి కనపడుతూనే ఉంది.

వదిన వేలు ఊ బొత్తం మీద ఉంది. నొక్కలేదు. ఒకటి. రెండు. నా వంక చూస్తోంది. మూడు. నొక్కు వదినా అని చేత్తో సైగ చేశాను. నాలుగు.

నొక్కింది. పచ్చదీపం వెలిగింది. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కడం మొదలైంది, అయిదుంపావుకి పూర్తయింది. డాక్టరు తిత్తి తీసుకుని వెళ్ళిపోయాడు.

అందరూ వెళ్ళాక మంచం అంచున కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

"తెలుసులేవే," అంది వదిన. "తీసెయ్యమన్నదే నేను కదా. నువ్వెప్పుడు చెబుతావా అని వారం రోజులుగా చూస్తున్నా."

"మరి నాలుగు సెకన్లు ఎందుకాగావు? నా ప్రాణం పోయింది."

"ముప్పై ఏళ్ళలో మొదటిసారి తప్పు ఒప్పుకున్నావ్. కాస్త నిదానంగా విందామనిపించింది."

మూఢం విడిచిన నాలుగో రోజు

భూమి మళ్ళీ పలికింది. పద్నాలుగు మూటలూ తిరిగి తెప్పించాను. ప్రతి చీటీ చదివాను, వానకి కిటికీలు మూసేదానితో సహా. మేం చేసుకున్న గొంతు మూటతో కలిపి గాదెలో ఇప్పుడు వెయ్యి నూట ముప్పై ఒకటి ఉన్నాయి. అధ్యక్షులకి భయపడుతూనే చెప్పాను.

"ముప్పై ఒకటా," అన్నారు ఆయన. "చివర ఒకటి ఉందిగా. శుభమే."

ఆ ఒకటి ఏదో మొదటే కలపమని ఉంటే సరిపోయేది కదండీ అన్నాను. ఆయన వినలేదు, ఇంకో తీర్మానం రాసుకుంటున్నారు. భూమికి కృతజ్ఞతలట.

కిందవాళ్ళ తెలుగు గొంతు చాలా బాగుంది. మర్యాదగా, స్పష్టంగా ఉంది. వదినకి వినిపించి మార్చమంటావా అన్నాను. అక్కర్లేదంది. ఎందుకక్కర్లేదో రెండు శుక్రవారాలుగా చూస్తూనే ఉన్నాను. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక నియమం ఉంది, వారానికోసారి పొద్దున పది గంటలకి అన్ని వాక్యాలనూ మొదటి నుంచి చివరిదాకా పరీక్షించుకుంటుంది. వదిన ఇరుగుపొరుగుని పిలిచి కూర్చోబెట్టి, గోంగూర పచ్చడి కూడా పెడుతోంది.

నూట పదిహేనింటికీ టకటకా నొక్కేస్తుంది. నూట పదహారోదానికి మాత్రం నా వంక చూస్తూ నాలుగు సెకన్లు ఆగుతుంది.